ఏడాది తిరక్కుండానే

మనిషి పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా ఏమేం చేయకూడదో మన విశాఖలో ఎవరినడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్తారు. పండగ చేసుకోకూడదు. కొత్తబట్ట కట్టకూడదు. సింహాచలం కొండ ఎక్కకూడదు. పెళ్ళికి పిలిచినా వెళ్ళకూడదు, వెళ్ళినా వెనకాల కూర్చోవాలి. టీవీ గట్టిగా పెట్టకూడదు. మరి చేయాల్సినవేమిటని అడిగితే, మాసికాలు పెట్టాలి అని ఆగిపోతారు. ఒక మాసికానికీ ఇంకో మాసికానికీ మధ్య ఆ ఇంట్లో మిగిలిన మనిషి ఏం తినాలి, దేన్ని చూడాలి, ఎవరితో ఏం మాట్లాడాలి అన్నది ఎవరికీ పట్టదు.

అమ్మ పోయి సగం ఏడాది కూడా గడవకముందే నేను నాన్నని తీసుకుని ఇండోనేషియా వెళ్ళాను. అది తప్పు కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. తప్పు కాదనడం కూడా తక్కువే. అలాంటి సమయంలో చేయాల్సిన పనే అదని నా నమ్మకం. దుఃఖంలో ఉన్న మనిషి రుచిగా ఒక ముద్ద తినడం, అందమైనదాన్ని కళ్ళారా చూడటం పోయినవాళ్ళకి చేసే ద్రోహం కాదు. వాళ్ళని తలుచుకోవడానికి మనకున్న దారుల్లో అంతకన్నా దగ్గర దారి నాకు కనబడలేదు.

టికెట్లు అమ్మ ఉన్నప్పుడే కొన్నవి. జావా ద్వీపంలో ఉన్న బోరోబుదూర్ అనే పాత బౌద్ధ కట్టడం చూడాలన్న ఆలోచన ఆవిడదే. తొట్లకొండకీ బావికొండకీ ఎన్నిసార్లు వెళ్ళినా మళ్ళీ వెళ్దామనేది. కింద సముద్రం, పైన ఆ పాత ఇటుకల మధ్య రెండు వేల ఏళ్ళ కిందట భిక్షువులు తిరిగారన్న మాట, ఆ రెండూ కలిస్తే ఆవిడకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చేది. ఇక్కడ పునాదులే మిగిలాయి, అక్కడ మొత్తం నిలబడి ఉందట కదా అని పేపర్లో వచ్చిన బొమ్మ కత్తిరించి బీరువా తలుపుకి అంటించింది. తర్వాత జబ్బు, ఆసుపత్రులు. ఆ సంగతులు ఇక్కడ రాయను.

మూడు టికెట్లలో ఒకటి రద్దు చేసి రెండు ఉంచానని తెలియగానే పిన్ని ఫోన్ చేసింది. "ఏటమ్మా, నువ్వైనా చెప్పొద్దా? ఏడాది తిరక్కుండా సముద్రం దాటి షికార్లేటి? అందులోనూ కొండ మీద కట్టిన గుడంట! జనం ఏటనుకుంటారు?" పిన్నికి పోయింది సొంత అక్క. ఆవిడ కోపంలో బాధే ఎక్కువుందని నాకు తెలుసు, అందుకే ఎదురు చెప్పలేదు. కానీ ఆ ఆఖరి మాట గురించి చాలా రోజులు ఆలోచించాను. పోయినావిడ ఏమనుకుంటుందని పిన్ని అడగలేదు. జనం ఏమనుకుంటారని అడిగింది.

కర్మ చేసింది నాన్నే కాబట్టి నియమాలన్నీ ఆయనకే వర్తిస్తాయి. ఆయన వాటిని తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. మా పురోహితుణ్ణి ఇంటికి పిలిచి అడిగారు. ఆయన పంచాంగం చూసి, తిథి నాటికి ఇంట్లో ఉండండి, మాసికం తప్పనివ్వకండి, ఒంట్లో ఓపిక ఉంటే వెళ్ళి రండి అన్నారు. పేచీ అంతా చుట్టాలదీ పక్కవాటాల వాళ్ళదీ.

ఇంట్లో నాన్న ఎలా ఉండేవారో వాళ్ళెవరూ చూడలేదు. పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి, పొద్దున్నే పెదవాల్తేరు నుంచి బీచ్‌ దాకా నడిచి వెళ్ళే మనిషి, పెద్దకర్మ అయిన మర్నాటి నుంచి గుమ్మం దిగడం మానేశారు. ఏం వడ్డించినా "సరిపోయిందమ్మా" అనేవారు. ఒకరోజు పప్పులో ఉప్పు పడలేదు. మా తమ్ముడు నోట్లో పెట్టుకోగానే మొహం చిట్లించాడు. నాన్న అప్పటికే తిని లేచారు, ఉప్పు లేదని ఆయనకి తెలియనే లేదు. నాకు భయం వేసింది ఆరోజే. ఏడుస్తుంటే ఓదార్చొచ్చు. నాలుక మొద్దుబారిపోయిన మనిషిని ఏం చేయాలి?

అసలు మన కర్మకాండలోనే రుచికి ఎంత చోటుందో చూడండి. పిండం కాకి ముట్టకపోతే ఇంటిల్లిపాదికీ టెన్షన్. పోయినవాళ్ళకి ఇష్టమైనదేదో పెట్టడం మరిచిపోయామేమోనని గుర్తుచేసుకుని, అది తెచ్చి పెడతారు. పెద్దకర్మ రోజు ఫొటో ముందు విస్తట్లో కొందరు చేపల పులుసు పెడతారు, కొందరు చుట్ట పెడతారు, తాగే అలవాటుంటే గ్లాసు కూడా పెడతారు. మా ఇళ్ళల్లో మాసికానికి కూర్చున్న భోక్తలని కర్త "తృప్తాః స్థ" అని అడుగుతాడు, తృప్తి కలిగిందా అని. కలిగిందని వాళ్ళు చెప్పాలి. శ్రాద్ధం వంటలో కాకర నూరు కూరల పెట్టు, నల్లేరు మూడొందల కూరల పెట్టు, పనస ఆరొందల కూరల పెట్టు అని ఒక శ్లోకమే ఉంది. పోయినవాళ్ళ నాలుకని ఇంతగా పట్టించుకున్న ఆచారంలోకి, బతికున్నవాళ్ళ నోరు చేదుగా ఉంటేనే గౌరవమన్న మాట ఎక్కడి నుంచి వచ్చి చేరింది?

సింగపూర్‌లో విమానం మారి యోగ్యకర్త చేరాం. అక్కడివాళ్ళు జోగ్జా అంటారు. ఊరు చిన్నదే కానీ ఇప్పటికీ సుల్తాన్ ఉన్న ఊరు. కోట 18వ శతాబ్దం నడుమ కట్టినది. ఉత్తరాన మెరాపి అగ్నిపర్వతం, దక్షిణాన సముద్రం. ప్రయాణం గురించి ఇంకేం చెప్పను, అన్ని విమాన ప్రయాణాల్లాగే విసుగు.

కోటగోడకున్న తెల్ల కమాను పక్కన విజిలాన్ అనే వీధి ఉంది. వీధి పొడవునా ఒకటే వంట అమ్ముతారు, దాని పేరు గుదెగ్. లేత పనసకాయ ముక్కలని కొబ్బరిపాలల్లో, కొబ్బరిచెట్టు నీరాతో కాచిన నల్లబెల్లంలో గంటల తరబడి ఉడికిస్తారు. వెల్లుల్లి, ధనియాలు, దుంపరాష్ట్రం లాంటి ఒక వేరు పడతాయి. కుండలో టేకు ఆకులు కూడా వేస్తారు, ముక్కకి ఆ ఎర్రమట్టి రంగు వాటివల్లే వస్తుంది. మామూలుగా దాంతోపాటు కోడి, గుడ్డు, పశువు చర్మంతో చేసే క్రెచెక్ అనే కూర వడ్డిస్తారు. అవన్నీ వద్దని సైగలతో చెప్పి, అన్నం, గుదెగ్, బెల్లం పట్టించిన టెంపె ముక్క పెట్టించుకున్నాం. టెంపె అంటే సోయా గింజలు పులియబెట్టి చేసే అచ్చు.

నాన్న ఒక ముక్క చిదిపి చూశారు. పీచు పీచుగా విడింది. అన్నంలో కలుపుకుని నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, "తీపి" అన్నారు. నెలల తర్వాత ఆయన నోటి వెంట ఒక రుచి పేరు వచ్చింది. రెండో ముద్ద తిని, "మీ అమ్మయితే ఆవ పెట్టేది" అన్నారు.

మా ఇంట్లో పనసపొట్టు కూరంటే అమ్మ చేసిందే. శీతాకాలం చివర్లో సింహాచలం వైపు నుంచి లేత కాయలు దిగుతాయి. పూర్ణా మార్కెట్లో ఆడవాళ్ళు చేతికీ కత్తికీ నూనె రాసుకుని, చెక్కు తీసిన కాయ మీద టకటకా నరుకుతూ పొట్టు రాలుస్తారు. అమ్మ ఆ పొట్టు కొనేది కాదు, కాయే తెచ్చుకుని ఇంట్లో కొట్టుకునేది. చింతపండు పులుసు, ఎండుమిరపకాయలు, కరివేపాకు, దించే ముందు పచ్చి ఆవముద్ద. ముక్కులోకి ఎక్కాలి, లేకపోతే ఆవిడ దృష్టిలో అది కూర కాదు.

ఆ వీధిలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని నాన్న నాకు ఎప్పుడూ వినని సంగతి చెప్పారు. పెళ్ళైన కొత్తలో, పోర్టు క్వార్టర్స్‌లో, అమ్మ మొదటిసారి పనసకాయ కోసిందట. నూనె రాసుకోవాలని తెలియదు. పాలు కారి వేళ్ళన్నీ అతుక్కుపోయాయి, కత్తి కూడా చేతికి అతుక్కుంది. డ్యూటీ నుంచి వచ్చిన నాన్నకి తలుపు తీయడానికి కూడా లేక లోపల నుంచి ఏడుస్తోంది. పక్క క్వార్టర్ ఆవిడ గోడ మీదుగా వెళ్ళి గడియ తీసి, కొబ్బరినూనెతో ఒక్కో వేలూ విడదీసింది. "ఇరవయ్యేళ్ళ పిల్ల. నేను నవ్వాను. ఆరోజంతా నాతో మాట్లాడలేదు" అని నాన్న ఆ వీధిలో పైకే నవ్వారు. పళ్ళెం ఖాళీ చేసి ఇంకాస్త పెట్టించుకున్నారు.

ఈ సంగతి ఇంట్లో కూర్చుంటే బయటికి వచ్చేదా? రాలేదు కదా, అన్ని నెలల్లో. వచ్చిన ప్రతి చుట్టమూ ఎలా పోయిందని అడిగారు, ఏ ఆసుపత్రి, ఎంత ఖర్చైంది అని అడిగారు. నాన్న ఆ ఆఖరి నెలనే పదే పదే చెప్పుకుంటూ వచ్చారు. అమ్మ అంటే ఆ మంచం మీది మనిషే అయిపోయింది మాకు. ఇరవయ్యేళ్ళ పిల్లని ఆయనకి తిరిగి తెచ్చింది తియ్యటి పనసకాయ కూర. ఆవ లేకపోవడమే ఆ కూర చేసిన మేలు.

బోరోబుదూర్ జోగ్జాకి వాయవ్యంగా 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. శైలేంద్ర రాజుల కాలంలో, 8, 9 శతాబ్దాల్లో, ఒక గుట్టని ఆనుకుని నల్లటి అగ్నిశిలతో కట్టారు. 504 బుద్ధ విగ్రహాలు, పైన జాలీ గూళ్ళ లాంటి 72 స్తూపాలు, గోడల నిండా 2,672 శిల్పఫలకాలు. 2010లో మెరాపి పేలినప్పుడు దీని మీద బూడిద కప్పేస్తే మూసేసి, శుభ్రం చేసుకున్నారు. ఇప్పుడు రాయి అరిగిపోతోందని పైకి ఎక్కేవాళ్ళని రోజుకి కొంతమందినే, గైడు వెంట గుంపులుగా పంపుతున్నారు. మొగలి జాతి ఆకుతో అల్లిన ప్రత్యేకమైన చెప్పులు ఇస్తారు, వాటితోనే ఎక్కాలి.

తూర్పు మెట్ల దగ్గర మొదలుపెట్టి ప్రదక్షిణగా నడుస్తూ గోడ మీది కథ చదువుకోవాలి. మొదటి వసారాలో పైవరసలోని 120 ఫలకాలు బుద్ధుడి కథ, లలితవిస్తరం అనే బౌద్ధ గ్రంథం చెప్పినట్టుగా. బుద్ధుడి తల్లి మాయాదేవి లుంబినికి రథంలో వెళ్తున్న ఫలకం దగ్గర నాన్న ఆగిపోయారు. చుట్టూ పరివారం, గుర్రాలు, గొడుగులు. బిడ్డ పుట్టిన ఏడో రోజున ఆవిడ కన్నుమూస్తుంది. చెక్కినవాడికి ఆ సంగతి తెలుసు, చూడ్డానికి వచ్చే ప్రతివాడికీ తెలుసు. అయినా ఆ ప్రయాణాన్ని ఎంత వైభవంగా చెక్కాడంటే, పోబోయే మనిషి అన్న నీడ కూడా పడనివ్వలేదు. ఒక మనిషి జీవితాన్ని ఆఖరి నుంచి వెనక్కి చదవకూడదని నాకు ఎవరూ అంత స్పష్టంగా చెప్పలేదు.

ఇంకొంచెం ముందుకెళ్తే పాయసం కథ వస్తుంది. నా వాదన మొత్తానికి ఆధారం నాకు అక్కడే దొరికింది. సిద్ధార్థుడు ఆరేళ్ళు కఠోర తపస్సు చేశాడు, తిండి మానేసి ఎముకల గూడయ్యాడు. ఇలా శరీరాన్ని మాడిస్తే దారి దొరకదని గ్రహించి, ఊరి ఆడపిల్లలు తెచ్చిన అన్నం తిన్నాడు. సుజాత పాలతో వండిన పాయసం పెట్టింది. అప్పటిదాకా ఆయనతో ఉన్న ఐదుగురు, వీడు తిండికి ఆశపడ్డాడు, దారి తప్పాడు అని వదిలేసి వెళ్ళిపోయారు. బోధి వృక్షం కిందకి ఆయన వెళ్ళింది ఆ పాయసం తిన్న తర్వాతే. జ్ఞానం కలిగాక మొదటి బోధ కోసం ఆ ఐదుగురినే వెతుక్కుంటూ సారనాథ్ దాకా నడిచాడు.

ఈ కథ మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ దాన్ని నల్లరాతి గోడ మీద, పాత్రలు పట్టుకున్న ఆడవాళ్ళ ముందు కూర్చున్న ఆ మనిషిని కళ్ళెదుట చూస్తుంటే, కథలో మా చుట్టాలందరూ కనిపించారు. ఆ ఐదుగురు చెడ్డవాళ్ళు కాదు, నిష్ఠ ఉన్నవాళ్ళే. కష్టాన్ని కొలవడానికి ఆకలి ఒక్కటే కొలమానం అనుకున్నారు, అంతే. పిన్ని అన్నదీ అదే. నాన్నకి ఆ మాట చెప్తే, "మీ పిన్నిని ఏమీ అనకు. దానికి కూడా ఎవరో ఒకరు పాయసం పెట్టాలి" అన్నారు.

జోగ్జా దక్షిణాన బంతుల్ జిల్లాలో ఇమోగిరి అనే చోట కొండ మీద రాజుల సమాధులున్నాయి. కొండ కింద గిరిలోయో అనే పల్లె, అక్కడి ఆడవాళ్ళది తరతరాలుగా బాతిక్ పని, అంటే రంగు అద్దే ముందు బట్ట మీద మైనంతో నమూనా గీయడం. 2006 మే 27 పొద్దున్నే వచ్చిన భూకంపంలో 5,700 మందికి పైగా పోయారు, ఎక్కువ దెబ్బ తిన్నది ఈ జిల్లానే. అంతకుముందు మైనం పూసిన బట్టని పట్నం వ్యాపారులకి ఇచ్చేసి కూలి తీసుకునేవాళ్ళు, భూకంపం తర్వాత రంగులద్దడం కూడా నేర్చుకుని సొంతంగా అమ్ముకోవడం మొదలుపెట్టారు.

మాకు పని చూపించినావిడ అమ్మ వయసుది. చాంతింగ్ అంటే వెదురు పిడికి బిగించిన చిన్న రాగి దొన్నె, దానికో సన్నటి ముక్కు. కాగుతున్న మైనంలో ముంచి, ముక్కు మీద ఒకసారి ఊది, బట్ట మీద గీత లాగాలి. ఊదకపోతే ముక్కు పూడుకుపోతుంది, ఆలస్యమైతే మైనం చల్లారి బట్టలోకి ఇంకదు. మన కలంకారీ కలంతో రంగు వేస్తుంది, ఇది రంగు పడకూడని చోటుని కాపాడుతుంది. చేతిగీతతో ఒక బట్ట పూర్తవడానికి నెలలు కూడా పడుతుందట.

గోడకి వేలాడుతున్న వాటిలో గోధుమరంగు గళ్ళ బట్ట ఒకటి నాన్న చూసి ఇదేమిటని అడిగారు. స్లోబొగ్ అని చెప్పింది. మనిషి పోయినప్పుడు కట్టుకునే నమూనా అది. పోయినవాళ్ళకి దారిలో అడ్డంకులు ఉండకూడదని కోరుకుంటూ కడతారు. చావు కోసం కూడా ఒక అందమైన నమూనా ఉండాలని, దాన్నీ నెలలు పెట్టి గీయాలని ఆలోచించిన మనుషుల మీద నాకు చాలా గౌరవం కలిగింది.

ఆ భూకంపంలో ఆవిడ అత్తగారు పోయారు. నాన్నకి భార్య పోయిందని దుబాసీగా వచ్చిన కుర్రాడు చెప్పగానే, ఎన్నో రోజు అని అడిగింది. జావా వాళ్ళు ముస్లింలే అయినా పోయినవాళ్ళకి వాళ్ళ పాత లెక్కలు వాళ్ళకున్నాయి. మూడో రోజు, ఏడు, నలభై, నూరు, ఏడాది, రెండేళ్ళు, చివరికి వెయ్యో రోజు. ప్రతిసారీ ఇరుగుపొరుగుని పిలిచి స్లామెతాన్ అనే విందు చేస్తారు. బియ్యప్పిండి, కొబ్బరిపాలతో ఆపెం అనే అప్పాలు వేస్తారు, వచ్చినవాళ్ళు తిని ఇంటికి కూడా పట్టుకెళ్తారు. "వెయ్యో రోజుకి మా ఇల్లు మళ్ళీ లేచింది. వీధంతా వచ్చి తిన్నారు. ఆవిడకి ఇష్టమైన వంటలే చేశాం" అంది. ఏడాదికే ముగించేయమనే తొందర వాళ్ళకి లేదు, ఆ ఏడాదీ నోరు కట్టుకోమనే పట్టుదల కూడా లేదు.

ఇదంతా బాధ నుంచి పారిపోవడం కాదా అని మా తమ్ముడు అడిగాడు. సూటి ప్రశ్నే. జవాబు నేను చూసినదే చెప్తాను. బోరోబుదూర్ నుంచి వచ్చిన రాత్రి నాన్న హోటల్ గదిలో చాలాసేపు వెక్కి వెక్కి ఏడ్చారు. విశాఖలో వచ్చీపోయే జనం మధ్య పెద్దమనిషిగా కూర్చుని ఉండాల్సి వచ్చింది కాబట్టి అప్పటిదాకా అంత గట్టిగా ఏడవలేదు. ప్రయాణం ఆయన దుఃఖాన్ని తగ్గించిందని నేననను. దాన్ని కదిపింది. తిరిగొచ్చాక ఆ నెల మాసికానికి పనసపొట్టు తానే పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చి, వంటవాళ్ళతో, "ఆవ దండిగా పెట్టండి, ఆవిడకి ఘాటుండాలి" అన్నారు.

డబ్బున్నవాళ్ళ ముచ్చట్లని మరికొందరన్నారు. విమానం ఎక్కమని నేనెవరికీ చెప్పడం లేదు. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం ఉంది, శంకరం దగ్గర బొజ్జన్నకొండ ఉంది, ఊరు దాటగానే తొట్లకొండ ఉంది. కావలసింది ఆ ఇంట్లో మనిషిని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళేవాళ్ళు, వెళ్ళినందుకు నిలదీయని బంధువులు. ఏడాది నియమాల్లో మేలు లేదనీ అనను. పండగ చేసుకునే ఓపిక లేనివాళ్ళకి ఆచారం ఒక సాకు ఇస్తుంది, మాకు లేదండీ ఈ ఏడాది అని తలుపు వేసుకోవచ్చు. అంతవరకు అది కరుణ. తలుపు తెరుచుకోబోయిన మనిషిని లోపలికి నెట్టడానికి వాడినప్పుడే నాకు పేచీ.

ఇంకో మాట చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. పోయింది అమ్మ కాబట్టి నాన్న వెళ్ళగలిగారు. చుట్టాలు గొణుగుడుతో సరిపెట్టారు. అదే నాన్న పోయి అమ్మ మిగిలి ఉంటే, ఆవిడని విమానం ఎక్కించగలిగేదాన్నా? ఎదురొస్తేనే మొహం తిప్పుకునే చోట, పేరంటానికి పిలవని చోట, భర్త పోయినావిడ పరాయిదేశపు వీధిలో కూర్చుని ఇంకాస్త కూర పెట్టమని అడిగిందంటే ఊరు ఊరుకునేదా? నియమం ఇద్దరికీ ఒకటే అంటారు, బరువు ఒకటి కాదు. ఆ సంగతి మార్చకుండా ఆచారం గురించి ఎంత మాట్లాడినా వృథా.

మా కింద వాటాలో ఉండే పెద్దమ్మగారికి భర్త పోయి నాలుగో నెల. సందుగుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటారు, గేటు దాటరు. ఒకప్పుడు నేతచీరల ఎగ్జిబిషన్ పెడితే మొదటి రోజే వెళ్ళేవారు. ఈ ఆదివారం మ్యూజియంకి వెళ్దాం, వచ్చేటప్పుడు మీకిష్టమైన చోట టిఫిన్ చేద్దాం అని అడిగాను. వాళ్ళబ్బాయికి ఇష్టం లేదు, సంవత్సరీకం అయ్యాక చూద్దాం అన్నాడు. పెద్దమ్మగారు మాత్రం ఎన్నింటికి అని అడిగారు. పదింటికి అని చెప్పాను. వాళ్ళబ్బాయితో ఈ సాయంత్రం నాన్న మాట్లాడతానన్నారు.